మూడున్నర మీటర్ల దగ్గర ఆగిన గడ్డి లోడు

నా ఉద్యోగ జీవితం మొత్తంలో మూడు మెమోలు అందుకున్నాను. మొదటిది, చేరిన కొత్తలో, సెలవు చీటీ ఇవ్వకుండా చెల్లెలి పెళ్ళికి వెళ్ళినందుకు. రెండోది, ఒక పెద్ద సమావేశంలో కునికిపాట్లు పడినందుకు. ఆ రెండింటికీ తప్పయిపోయిందని బుద్ధిగా రాసిచ్చాను. మూడోదానికి రాయలేదు. ఇప్పుడు అడిగినా రాయను. ఇంజనీరింగు పట్టాలు పుచ్చుకుని ఈ రోడ్ల ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలూ, మీకు చెప్పాలనుకున్నది ఆ మూడో మెమో సంగతి.

అప్పుడు నేను అసిస్టెంట్ ఇంజనీరుని. విజయవాడ నుంచి పామర్రు వైపు పోయే పెద్దరోడ్డుని నాలుగు వరసలుగా వెడల్పు చేస్తున్నారు. ఆ దారిలో ఒక ఊరి సెంటరు. ఊరి పేరు రాయను. ఆ దారిన తిరిగేవాళ్ళకి చెప్పక్కర్లేదు, తిరగనివాళ్ళకి దానితో పనిలేదు. రోడ్డుకి ఒకపక్క ఊరు, పశువుల పాకలు, రైసు మిల్లు. ఇంకోపక్క కాలవ, కాలవ దాటితే కనుచూపు మేర వరిచేలు. చేల రోడ్డు వచ్చి పెద్దరోడ్డుని అడ్డంగా దాటి ఊళ్ళోకి పోతుంది. ఆ దాటే చోట నెలకి రెండు మూడు సార్లు ఎవరో ఒకరు గుద్దుకునేవాళ్ళు.

అందుకని సెంటరు మీదుగా ఫ్లైఓవరు కట్టాలన్నారు. దూరం పోయే బండ్లు పైనుంచి పోతాయి. ఊరి బండ్లు కింద వదిలిన సందులోంచి అటూ ఇటూ దాటతాయి. ఆ సందుకి రెండుపక్కలా బారుగా మట్టి నింపి గోడలు కడతారు కాబట్టి ఊరికీ చేలకీ మధ్య ఆ ఒక్క సందే దారి. దాని ఎత్తు మూడున్నర మీటర్లు. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి. మిగతా సాంకేతిక విషయాలు మీకు నాకంటే బాగా తెలుసు.

నా సైటు ఆఫీసంటే రేకుల షెడ్డు. దాని పక్కనే టీ బడ్డీ. పని మొదలైన నాటినుంచీ ఆ బడ్డీ దగ్గర పొద్దున్నే డ్రైవర్ల సభ జరిగేది. నాకు వినపడాలనే మాట్లాడేవాళ్ళు. పామర్రు బస్సు నడిపే పెద్దాయన ఒకాయన రోజూ కిటికీలోంచి తల బయటపెట్టి, "మేడం గారూ, ఇది పూర్తయ్యేలోపు ముందు మీరు రిటైరవుతారా, నేనవుతానా?" అని అడిగి పోయేవాడు. లారీల వాళ్ళు ఎక్కడెక్కడ టోల్ గేటు పెట్టి ఆపుతారో అని ఆరా తీసేవాళ్ళు. అందరికంటే గట్టిగా అరిచేది షేర్ ఆటో డ్రైవరు ఒకతను. మనిషి సన్నం, గొంతు మాత్రం ఊరేగింపులో మైకు.

"పైనుంచి పోయేవాడికి మా ఊరు కనపడదండీ. కనపడని ఊళ్ళో ఎవడు దిగుతాడు? మా ఆటో ఎవడు ఎక్కుతాడు?"

"ప్రమాదాలు తగ్గుతాయి బాబూ. ఊరికి మంచిదే."

"ఏ ఊరికండీ? విజయవాడకా?"

బడ్డీ దగ్గర ఒకటే నవ్వులు. నాకు ఒళ్ళు మండిపోయేది. వీళ్ళింతే, కొత్తది ఏది కట్టినా ముందు తిడతారు, తర్వాత అదే ఎక్కి తిరుగుతారు అనుకునేదాన్ని. చాలామంది విషయంలో అది నిజం కూడా. అయితే నిజంగా వినాల్సిన మాట ఒకటి ఆ గోలలో లేదు. అది మాత్రం నేను వినలేదు, ఎందుకంటే ఆ మాట అనాల్సినవాళ్ళు ఆ బడ్డీ దగ్గరికి వచ్చేవాళ్ళు కాదు. వాళ్ళు చేలల్లో ఉన్నారు.

ఇక నా తప్పు చెబుతాను. ఎలాగూ చెప్పాలి.

ఇలాంటి వంతెన గీయడానికి ముందు ఏడు రోజులపాటు ఆ చోట బండ్లు లెక్కపెడతారు. ఆ లెక్క నేను పెట్టాను. మే నెలలో పెట్టాను. మే అంటే మా దగ్గర కాలవలు కట్టేసి ఉంటాయి. చేలు నెర్రెలిచ్చి ఉంటాయి. గొడుగు వేసుకుని, ఇద్దరు పనివాళ్ళని పక్కన పెట్టుకుని, ఒక్క బండి తప్పిపోకుండా గీతలు గీశాను. ట్రాక్టర్లు చాలానే తిరిగాయి. అన్నీ చెరువు మట్టి తోలే ట్రక్కులు. మట్టి ట్రక్కు ఎంత నింపినా మనిషి ఎత్తు కంటే కాస్త ఎక్కువ, అంతే. కాగితంలో చివరి గడి, సరుకుతో కలిపి గరిష్ఠ ఎత్తు ఎంత అని. మూడు మీటర్ల లోపు అని రాసి సంతకం పెట్టాను. శనివారానికల్లా విజయవాడ చేరాలన్నారు, శుక్రవారమే చేర్చాను. మెచ్చుకున్నారు కూడా.

జనవరిలో ఆ రోడ్డు మీద ఏం తిరుగుతుందో నాకు తెలియక కాదు. మా నాన్న పామర్రు దగ్గరి పల్లెలో మిషను బడి పంతులు. రెండు గేదెలుండేవి. ఏటా కోతలయ్యాక ఒక ట్రక్కు గడ్డి తోలించుకునేవాళ్ళం. ఆ లోడు మీద వెల్లకిలా పడుకుని, చెట్ల కొమ్మలు మొహానికి తగులుతుంటే కళ్ళు మూసుకుని ఇంటికొచ్చిన పిల్లని నేను. ఆ పిల్లే పెరిగి పెద్దదై, గొడుగు కింద కూర్చుని, మూడు మీటర్లు అని రాసింది. ఎండ ఎక్కువగా ఉందనీ, తొందర పెట్టారనీ సాకులు చెప్పొచ్చు. చెప్పను. కళ్ళెదురుగా ఉన్నదే లోకమనుకున్నాను, అంతే.

నవంబరులో, చేలు పండి కోతకు వచ్చే రోజుల్లో, ఒక ట్రాక్టరు డ్రైవరూ ఆయన భార్యా నా షెడ్డుకి వచ్చారు. ఆయనకి యాభై దాటి ఉంటాయి. భుజాన తువ్వాలు, నెరిసిన మీసం. ఆవిడ చేతిలో చివర పంగ ఉన్న పొడుగాటి వెదురు కర్ర. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం గారూ, ఈ సందు ఎంతెత్తు వదులుతున్నారండీ?" అన్నాడాయన.

"మూడున్నర మీటర్లు."

"అడుగుల్లో చెప్పండి."

"పదకొండున్నర."

ఆయన భార్య వైపు చూశాడు. "మా గడ్డి లోడు పద్నాలుగు ఉంటదండీ."

మే నెలలో నేను నింపిన ఆ చివరి గడి గుర్తొచ్చింది. బయటికి మాత్రం ఆఫీసరు గొంతే వచ్చింది. "కాస్త తగ్గించి వేసుకోండి."

"రెండున్నర అడుగులు తగ్గిస్తే అది లోడెట్టా అవుద్దండీ, మోపవుద్ది గానీ. ఒక్కసారికి అయ్యేదానికి రెండుసార్లు తిరగాలి. ఈలోపు వాన పడిందంటే గడ్డి కుళ్ళిపోద్ది. ఊళ్ళో గొడ్లన్నీ ఈ గడ్డి మీదే బతకాలి."

"పోనీ అవతలి ఊరి దగ్గర పెద్ద వంతెన వస్తోంది. అక్కడ దాటి రండి. పోనూ రానూ పన్నెండు కిలోమీటర్లు."

"పెద్దరోడ్డు మీదనా?"

"అవును."

ఆయన చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "లోడు మీద ఉన్నప్పుడు మా బండి నడిచే మనిషికంటే కాస్త జోరు, అంతేనండీ. అటూ ఇటూ గడ్డి వేలాడతా ఉంటది. వెనక లైట్లు కప్పడిపోతయ్. ఆ జోరులో వచ్చే లారీవాడికి మేం కనపడం. నేను ముందు కూర్చుంటా, నాకేం కాదు. పైన ఉండేది ఈవిడ."

ఆ కర్ర ఎందుకో అప్పుడు అర్థమైంది. గడ్డి లోడు మీద ఒక మనిషి తప్పనిసరిగా ఉంటారు. దారిలో కరెంటు తీగలు, టీవీ తీగలు కిందికి వేలాడుతుంటే ఆ పంగల కర్రతో ఎత్తిపట్టుకుని లోడుని దాటిస్తారు. ఇరవయ్యేళ్ళుగా ఆయన లోడు మీద ఆవిడే ఉంటోంది. అంతదాకా నోరు మెదపని మనిషి అప్పుడు మాట్లాడింది.

"తీగలైతే ఈ కర్రతో ఎత్తుతానమ్మా. మీ కాంక్రీటుని దేంతో ఎత్తను?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నేను పై ఆఫీసుకి రాస్తానని గొణిగాను. వాళ్ళు వెళ్ళిపోయాక టిఫిను క్యారేజీ విప్పాను, మళ్ళీ మూసేశాను.

మరునాడే విజయవాడ వెళ్ళి మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారిని కలిశాను. ఈఈ గారు చెడ్డవారు కాదు. క్రమం తప్పకుండా ఉద్యోగం చేసి, క్రమం తప్పకుండా బీపీ మాత్ర వేసుకునే మనిషి. నేను చెప్పిందంతా విని, ఫైలు తెప్పించి, నా లెక్క కాగితం నా ముందే పెట్టారు.

"చివరి గడిలో ఏముందమ్మా?"

"మూడు మీటర్ల లోపు అని ఉందండీ."

"కింద సంతకం?"

"నాదేనండీ."

"మరి ఇప్పుడు పద్నాలుగు అడుగులంటున్నావు. రెండిట్లో ఏది అబద్ధం?"

"మొదటిదండీ."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అట్లా అనకు. ఫైల్లో ఉన్నదాన్ని అబద్ధం అనకూడదు. డ్రాయింగు ఆమోదమైంది. ఎత్తు పెంచాలంటే వంతెన పొడుగు పెరుగుతుంది, పునాదులు మారతాయి, ఏడాది వెనక్కి పోతాం. నీకింకా ఎనిమిదేళ్ళ సర్వీసుంది. నాకు రెండున్నర. ఇద్దరం గౌరవంగా ఇంటికి పోదాం."

అయినా ఒక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఇంకోటి రాశాను. దానికీ రాలేదు. ఈలోపు సైటులో మట్టి గోడలు మొలుస్తున్నాయి. నేనే దగ్గరుండి లేపిస్తున్నాను. పొద్దున్న లెవెలు చూసుకుని, సాయంత్రం పుస్తకంలో రాసి, ఇంటికెళ్ళి అన్నం తిని పడుకునేదాన్ని. నా మీద నాకే అసహ్యం వేసిన రోజులవి.

జనవరి వచ్చింది. కోతలయ్యాయి. ఇంకా కింది సందు దగ్గర పని మొదలుపెట్టలేదు కాబట్టి గడ్డి లోడ్లు ఎప్పటిలాగే దాటుతున్నాయి. విజయవాడ నుంచి పెద్ద ఇంజనీరు గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. అది నాకంటే ముందు టీ బడ్డీకి తెలిసింది. తనిఖీకి ముందురోజు మధ్యాహ్నం ట్రాక్టరు పెద్దాయన, ఆ మైకు గొంతు ఆటో డ్రైవరూ కలిసి వచ్చారు. వాళ్ళిద్దరికీ ఎక్కడ జత కుదిరిందో నాకు తెలియదు.

"మేడం గారూ, మీరు ఉత్తరాలు రాశారంట, తెలిసింది. జవాబు రాలేదంట, అదీ తెలిసింది," అన్నాడు ఆటో అతను. "మీ ఓదార్పు మాకక్కర్లేదు. ఒకసారి టేపు ఇవ్వండి చాలు."

వాళ్ళ ఆలోచన ఇది. సందు వచ్చే చోట చేల రోడ్డుకి అటొక వెదురు గడ, ఇటొక గడ పాతుతారు. పైన మూడున్నర మీటర్ల దగ్గర అడ్డంగా మోకు కడతారు. అంటే రేపు కట్టబోయే వంతెనని ఇవాళే వెదురుతో కట్టి చూపిస్తారు. దాని కిందనుంచి పట్టినవి పట్టినట్టు పోతాయి. పట్టని లోడు ఆగుతుంది. ఆ లోడు వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి.

ఒక్క నిమిషం ఆలోచించాను. గడ ఒక జానెడు పొట్టిగా పాతినా చాలు, పెద్ద ఇంజనీరు గారు కొలిపించి, ఇదంతా నాటకమని నవ్వేసి వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఈ మాట ఎత్తే మొగం ఎవరికీ ఉండదు.

"టేపు ఇవ్వను," అన్నాను.

ఆటో అతని మొహం మాడిపోయింది. "నేను ముందే చెప్పాగా బాబాయ్," అని వెనుదిరిగాడు.

"టేపు ఇవ్వను. నేనే వచ్చి కొలుస్తాను. ఇంకోటి, మోకు కట్టొద్దు. మధ్యలో వేలాడి ఎత్తు తగ్గిపోతుంది. వంకర లేని గడ ఒకటి చూసి అడ్డంగా కట్టండి."

మరునాడు పొద్దున్నే వెళ్ళాను. చీర కుచ్చిళ్ళు దోపుకుని, నిచ్చెనెక్కి, పక్కనున్న రైతుకి టేపు కొస ఇచ్చి, ఆ అడ్డగడని మూడు మీటర్ల యాభై సెంటీమీటర్ల దగ్గర కట్టించాను. రెండు చివర్లా కొలిచాను, నడిమధ్యలో కొలిచాను. నా సర్వీసులో అంత శ్రద్ధగా కట్టించిన వంతెన ఇంకోటి లేదు.

పదింటికి పెద్ద ఇంజనీరు గారి కారు వచ్చింది. వెనక ఈఈ గారి కారు. అప్పటికి చేల రోడ్డు మీద గడ్డి లోడ్లు కాలవ గట్టు దాకా బారులు తీరి ఉన్నాయి. పెద్దరోడ్డుని ఒక్కరూ ఆపలేదు. ఆపొద్దని ఆటో అతనే అందరికీ చెప్పి, మధ్యలో నిలబడి, బస్సులకి దారి ఇప్పిస్తున్నాడు. జరుగుతున్నదేమిటో చూద్దామని పెద్ద ఇంజనీరు గారు కారుని చేల రోడ్డులోకి తిప్పించారు. కారు గడల కిందనుంచి హాయిగా వచ్చింది. ఆటోలు వచ్చాయి. ఒక మట్టి ట్రక్కు కూడా వచ్చింది. ఆయన దిగి, "బాగానే ఉందిగా?" అన్నారు.

అప్పుడు పెద్దాయన తన ట్రాక్టరు ముందుకి ఉరికించాడు. వెనక నిండు లోడు. పైన ఆవిడ. లోడు గడకి మూరెడు దూరంలో ఉందనగా బ్రేకు వేశాడు. ముందరి గడ్డి వెళ్ళి గడకి ఆనుకుంది. లోడు పై రెండున్నర అడుగులూ గడకి పైనే ఉన్నాయి, దాని మీద ఆకాశంలో కూర్చున్నట్టు ఆ మనిషి.

ఆవిడ పంగల కర్ర తీసి అడ్డగడకి ఆనించింది. కిందికి చూసి, "ఎత్తనా అయ్యగారూ? ఇది వెదురు కాబట్టి ఇవాళ ఎత్తగలను," అంది.

"ఎవరిదీ నాటకం?" అన్నారు పెద్ద ఇంజనీరు గారు. ఆయన వెంట వచ్చిన ఎస్సై ముందుకొచ్చి, "తియ్యండి ముందు. ట్రాఫిక్ ఆపితే కేసు పెడతా," అన్నాడు.

"మేం ఎవర్నీ ఆపలేదండీ," అన్నాడు పెద్దాయన, సీటు మీదనుంచి దిగకుండానే. "మీ వంతెనే ఆపింది."

ఎస్సై పక్కనున్న నిలువు గడ మీద చెయ్యి వేశాడు. నేను వెళ్ళి ఆ గడకి వీపు ఆనించి నిలబడ్డాను.

"ఈ గడ పీకితే డ్రాయింగులో కూడా పీకాలి సార్," అన్నాను పెద్ద ఇంజనీరు గారితో. "నాటకం ఎవరిదని అడిగారు. కొలిచి కట్టించింది నేను. టేపు ఇదిగోండి. అంగుళం తేడా ఉంటే నేనే పీకేస్తాను."

ఆయన నిజంగానే కొలిపించారు. తేడా లేదు.

"నువ్వు పంపిన లెక్కలో మూడు మీటర్ల లోపు అని ఉంది," అన్నారు. అప్పటికి ఆయన గొంతు కిందికి దిగింది. అది అరుపు కంటే ప్రమాదం.

"తప్పు రాశాను సార్. మే నెలలో చూసి, ఏడాది మొత్తానికీ రాసేశాను."

అంతమంది డ్రైవర్ల మధ్య ఆ మాట అన్నాను. చుట్టూ చూస్తే ఒక్కొక్కళ్ళ మొహంలో ఒక్కో రకం. తప్పు మా మేడందేనా అని కొందరికి ఇప్పుడే తెలిసింది. పెద్దాయనకి కూడా అప్పుడే తెలిసింది. ఆయన నా వైపు చూసిన చూపు మెచ్చుకోలు కాదు. ఈఈ గారు రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. పెద్ద ఇంజనీరు గారు కారెక్కుతూ ఈఈ గారితో ఒకే ముక్క అన్నారు. "మళ్ళీ లెక్కపెట్టించండి. ఈసారి మన ఆఫీసు మనిషి పక్కన ఉండాలి."

వారం తిరక్కుండా మళ్ళీ గొడుగు కింద కూర్చున్నాను. పక్కన విజయవాడ నుంచి వచ్చిన గుమాస్తా. లోడ్లు ఎన్నొస్తున్నాయి, ఎంతెత్తు ఉన్నాయి అని ఇద్దరం విడివిడిగా రాయాలి. మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు లోడ్లు పెరిగాయి. మూడో రోజు ఇంకా పెరిగాయి. మూడు గంటలప్పుడు పెద్దాయన ట్రాక్టరు వచ్చింది, పైన పచ్చచీర కట్టుకున్న ఆవిడ. రాశాను. నాలుగింటికి మళ్ళీ వచ్చింది. ఆ గడ్డి ఊళ్ళో దింపి, చేలోకి పోయి, మళ్ళీ నింపుకుని రావాలంటే సగం పూట పడుతుంది. లోడుకి చుట్టిన మోకు ముడి కూడా మారలేదు. వెనక వచ్చిన రెండు లోడ్లూ అంతే. ఊళ్ళోకి పోయి, రైసు మిల్లు వెనకనుంచి తిరిగి, మట్టి గోడ ఇంకా లేవని చోట దాటి, మళ్ళీ చేల వైపునుంచి కొత్తగా వస్తున్నాయి. మా వాళ్ళు తెలివి చూపించారు.

గుమాస్తాకి తెలియలేదు. అతనికి గడ్డి లోడ్లన్నీ ఒకటే. నేను నోరు మూసుకుని గీత గీసేస్తే సరిపోయేది. ఎత్తు పెంచడానికి అదీ ఒక బలమే అయ్యేది.

లేచి వెళ్ళి ట్రాక్టరుకి అడ్డం నిలబడ్డాను. "మీ ఇంటావిడ చీర గుర్తుపట్టలేననుకున్నారా?" అన్నాను.

పెద్దాయన ఇంజను ఆపాడు. ఆటో అతను ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చాడు. "ఏంటండీ మీరు! ఇంతకీ మీరు మా వైపా, వాళ్ళ వైపా?"

"ఒకసారి తప్పుడు లెక్క రాశాను. రెండోసారి రాయను. మీకోసం కూడా రాయను. ఒక్క లోడు రెండుసార్లు రాసినట్టు రేపు తేలిందంటే ఏడు రోజుల కాగితాలూ చించి పారేస్తారు. అప్పుడు ఆ కాంక్రీటు ఎవరి తలకి తగులుతుందో నాకు చెప్పండి."

ఆటో అతను ఇంకా ఏదో అనబోయాడు. పైనుంచి ఆవిడ, "బండి తిప్పయ్యా. ఆమె చెప్పింది నిజమే," అంది. పెద్దాయన తిప్పాడు. నేను గొడుగు కిందికి వచ్చి, గుమాస్తాకి కారణం చెప్పి, అతను గీసేసిన ఆ మూడు గీతలు కొట్టించి, పక్కన సంతకం పెట్టాను. మరునాటినుంచి పెద్దాయన పని మానుకుని రైసు మిల్లు వెనక నిలబడ్డాడు, ఒక్క లోడు కూడా రెండోసారి తిరక్కుండా. నాతో మాత్రం మాట్లాడలేదు.

లెక్క తేలింది. దొంగ గీతలేమీ అవసరం లేకుండానే, ఆ సందులో పట్టని లోడ్లు చాలా ఉన్నాయని తేలింది. ఆ లెక్క విజయవాడ చేరిన వారంలోనే నా మెమో నాకు చేరింది. పై అధికారి సమక్షంలో, ప్రజల మధ్య, శాఖ పరువుకి భంగం కలిగేలా మాట్లాడినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఈఈ గారు ఫోను చేసి, "పొరపాటున నోరు జారిందని రెండు ముక్కలు రాసెయ్యమ్మా, నేను సర్దేస్తాను," అన్నారు. మంచికే చెప్పారు.

నేను రాసింది ఇది. ఒక ప్రతి ఇంకా నా దగ్గరే ఉంది. "నేను తప్పుడు లెక్క పంపాను. ఆ తప్పుకి ఇంతవరకూ ఎవరూ సంజాయిషీ అడగలేదు. అడిగితే ఇచ్చుకుంటాను, దానికి ఏ శిక్ష వేసినా పడతాను. ఆ తప్పుని నలుగురిలో ఒప్పుకున్నందుకు మాత్రం సంజాయిషీ ఇవ్వను."

దానికి జవాబుగా నన్ను చల్లపల్లి దాటించి, సముద్రం వైపు, రోడ్డు తక్కువా గుంటలు ఎక్కువా ఉన్న చోటికి బదిలీ చేశారు. శిక్ష అనుకుని పంపారు. అక్కడ చేపలు పట్టేవాళ్ళ పల్లెలకి తారు రోడ్డు వేయించాను. వేసేముందు, ఏ నెలలో ఏ బండి తిరుగుతుందో, ఐసు పెట్టెలు ఎంతెత్తు పేరుస్తారో అడిగి రాసుకున్నాను. ప్రమోషను రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది. వచ్చినప్పుడు తీసుకున్నాను.

ఆ బదిలీ అయిన కొన్నాళ్ళకి ఆటో అతను ఫోను చేశాడు. నా నంబరు ఎవరిచ్చారో తెలియదు. "ఎత్తు పెంచుతున్నారంటండీ. అయిదున్నర మీటర్లంట. దాంతో వంతెన ఇంకా పొడుగవుద్దంట. మా ఆటో స్టాండు పూర్తిగా లేచిపోయిందండీ. అంతా మీ మూలానే," అని ఫోను పెట్టేశాడు. అందులో కృతజ్ఞత ఎక్కడైనా ఉందేమోనని ఇప్పటికీ వెతుకుతుంటాను.

రిటైరయ్యాను. పోయిన జనవరిలో చల్లపల్లిలో మా బంధువుల పాపకి బాప్తిస్మం ఉంటే బయలుదేరాను. మధ్యలో ఆ ఊళ్ళో దిగి ఒక పాత స్నేహితురాల్ని చూసి, షేర్ ఆటో ఎక్కాను. డ్రైవరు నాకు తెలియని కుర్రాడు. సందు దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా గడ్డి లోడు వస్తోందని ఆటో పక్కకి ఆపి, విసుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఎవరో లేడీ ఇంజనీరంటండీ, పట్టుబట్టి ఇంతెత్తు కట్టించిందంట. పైకెక్కాలంటే నా ఆటో ముక్కుద్ది, మూలుగుద్ది. ఏం లాభమండీ ఇంతెత్తు?"

"ఇంకో అడుగు అడగాల్సింది బాబూ," అన్నాను. అతనికి అర్థం కాలేదు.

లోడు సందులోకి వచ్చింది. ముందు కూర్చుని నడుపుతున్నది పెద్దాయనే. బాగా వంగిపోయాడు. నన్ను చూడలేదు. పైన ఆవిడ గడ్డిలో ఒక పక్కకి ఒరిగి పడుకుని ఉంది. జుట్టు మొత్తం తెల్లబడింది. చేతిలో అదే పంగల కర్రో, అలాంటిదే ఇంకోటో. సరిగ్గా వంతెన కిందికి రాగానే పడుకున్నదల్లా కర్ర పైకెత్తి, కాంక్రీటుని ఠక్కుమని ఒక్క పోటు పొడిచింది. సందంతా మోగింది. లోడు దాటిపోయింది.

"ఆ ముసలావిడ ఎప్పుడూ ఇంతేనండీ," అన్నాడు కుర్రాడు గేరు వేస్తూ. "దీని కిందనుంచి పోయిన ప్రతిసారీ పొడవకుండా పోదు."

"పొడవనీ," అన్నాను. "గట్టిగానే పొడవనీ."